ఫిర్యాదుదారుగానే తప్ప రోగిగా కనిపించని స్త్రీ

2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రసంగం మొదలైంది. ఆ అర్ధరాత్రికే దేశం స్తంభించింది. కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మద్యం దొరకని వారి తాకిడి పెరిగింది. చేతుల వణుకు, నిద్రలేమి, లేనివి కనిపిస్తున్నాయన్న భ్రాంతి. కేరళ ప్రభుత్వం మార్చి 30న, వైద్యుడు చీటీ రాసిస్తే మద్యం ఇవ్వవచ్చని ఉత్తర్వు వెలువరించగా, ఏప్రిల్ 2న హైకోర్టు దాన్ని నిలిపివేసింది. ఇంత చర్చలోనూ రోగి అనగానే అందరి మనసులో మెదిలింది పురుషుడే. అతన్ని రెక్క పట్టుకుని ఆసుపత్రికి తెచ్చిన భార్యగానో తల్లిగానో మాత్రమే స్త్రీ కనిపించింది.

ఈ చూపు ఆ వేసవిలో పుట్టింది కాదు. మద్రాసులో టి.టి. రంగనాథన్ మద్య వ్యసనంతో 1979లో మరణించిన తరువాత, ఆయన భార్య శాంతి రంగనాథన్ 1980లో వ్యసన చికిత్సకు ఒక సంస్థను నెలకొల్పారు. ఈ దేశంలో వ్యసనాన్ని జబ్బుగా చూసే సంప్రదాయానికి బలమైన పునాది వేసింది ఒక వితంతువు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేకోద్యమం 1993లో సారా నిషేధాన్ని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధాన్ని సాధించింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారనుకోండి, అది వేరే కథ. ఆ ఉద్యమం పట్ల నాకున్న గౌరవం చిన్నది కాదు. కానీ అది రాజకీయాలకు అందించిన స్త్రీమూర్తి ఒక్కటే: తాగే మగవాడి చేతిలో నలిగి తిరగబడిన ఇల్లాలు. తానే తాగే ఆడమనిషికి ఆ చిత్రంలో చోటు లేకపోయింది.

ఆమె లేదా అంటే, ఉంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు పిచ్చిచూపులతో, వంకర్లు పోతున్న చేతులతో వచ్చినవారిలో ఆడవాళ్లూ ఉన్నారు. వారు అలవాటు పడింది కల్లుకు కాదు, అందులో కలిపిన క్లోరల్ హైడ్రేట్‌కు, అల్ప్రజోలం వంటి నిద్రమందులకు. పొలం పని ముగించుకుని ఒళ్లునొప్పులకు గ్లాసెడు తాగే కూలి స్త్రీని వ్యసనపరురాలని మన అధికార భాష ఎన్నడూ పిలవలేదు. పిలవలేదు కనుక చికిత్సకూ పిలవలేదు.

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యం తాగేవారు పురుషుల్లో 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. మొత్తం పదహారు కోట్ల మందిలో పద్దెనిమిదో వంతు అనుకున్నా, స్త్రీలు దాదాపు 90 లక్షలు. ఇంటింటికీ వెళ్లి అడిగితే, అత్తమామల ఎదుట ఎందరు నిజం చెప్పి ఉంటారన్నది ఎవరికి వారు ఊహించుకోవలసిందే. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని అదే సర్వే తేల్చింది. అది స్త్రీ పురుషులిద్దరినీ కలిపిన లెక్క.

చట్టం మాత్రం ముందే నడిచింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక అస్వస్థతగానే నిర్వచించింది. చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదనీ చెప్పింది. ఆ మాట అమలు కావాలంటే బిడ్డకూ పడక ఉన్న స్త్రీల వార్డు కావాలి. వ్యసన చికిత్సలో అటువంటివి మనకు వేళ్లపై లెక్కించదగినన్నే.

లాక్‌డౌన్ మొదలైన రోజే, మార్చి 25న, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. మంచి నిర్ణయమే. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన సొంతంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. ఉన్నా, భర్త రోజంతా ఉండే ఒంటిగది ఇంట్లో తన తాగుడు గురించి, నిద్రమాత్రల గురించి ఆమె ఏ మూలన నిలబడి డాక్టరుతో మాట్లాడాలి? జాతీయ మహిళా కమిషన్ ఈ ఇబ్బందిని గ్రహించి ఏప్రిల్ 10న గృహహింస ఫిర్యాదులకు వాట్సాప్ నంబరు ఇచ్చింది. ఇక్కడా స్త్రీ ఫిర్యాదుదారే.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2020లో ఆత్మహత్య చేసుకున్న గృహిణులు 22,372 మంది. అంతకుముందు ఏడాది 21,359. మహమ్మారి కాలానికి ముందే ఈ సంఖ్య ఇరవై వేలు దాటిందంటే, దోషమంతా వైరస్‌పై నెట్టే వీలు లేదు.

మే 4న, లాక్‌డౌన్ నలభై ఒకటో రోజున, చాలా రాష్ట్రాల్లో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. ఖజానా అడిగింది కనుక. మానసిక ఆరోగ్య సలహా కోసం కేంద్రం ‘కిరణ్’ అనే ఉచిత ఫోన్ నంబరును ప్రారంభించినది సెప్టెంబరు 7న, నూట అరవై ఏడో రోజున.