యుద్ధం అయ్యేదాకా ఉద్యోగం

చరిత్ర అంటే నాకు రాజులూ, కోటలూ, యుద్ధాలూను. బి.ఏ.లో ఆ సబ్జెక్టులో మంచి మార్కులొచ్చాయని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాను. రసాయనశాస్త్రంతో నా పరిచయం మాత్రం చింతపండుతో ఇత్తడి బిందె తోమడం దగ్గరే ఆగిపోయింది. అలాంటిదాన్ని క్రిందటి నెలలో గాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం ముందు రెండు గంటలు కూర్చున్నాను.

కారణం మా అక్క కూతురు. హైదరాబాదులో మందులు పరీక్షించే ప్రయోగశాలలో పని చేస్తోంది. "పెళ్ళయ్యేదాకా చేసుకోనీ అనుకున్నాం. ఇప్పుడు సంబంధం కుదిరేలా ఉంది, వాళ్ళకి ఉద్యోగం ఇష్టం లేదట. నువ్వు చెబితే వింటుంది, కాస్త మాన్పించవే" అని అక్క ఫోన్ చేసింది. సరే, వీలు చూసి చెబుదామని అనుమతి తీసుకుని మరీ వెళ్ళాను.

"ముందు గాస్ తిప్పాలి, తర్వాతే వేడి. లేకపోతే లోపలి గొట్టం పాడైపోతుంది పిన్నీ" అంటూ హీలియం సిలిండరు తిప్పింది. ఇది పొయ్యిలో వెలిగే గాస్ కాదు. పరీక్షించే పదార్థం ఆవిరైతే, దాన్ని మోసుకుపోవడమే దీని పని. గొట్టం 30 మీటర్ల పొడవు. లోపలి రంధ్రం మిల్లీమీటరులో నాలుగోవంతు. గాజుల దొంతరలా చుట్టి, చిన్న ఓవెన్‌లో పెట్టారు. దాని లోపలిగోడకి పల్చటి పూత ఉంటుందట.

"ఆ పూత ఏం చేస్తుందే?" అన్నాను.

"మనం లాడ్‌బజార్‌కి వెళ్ళామనుకో. అందరం కలిసే బయలుదేరతాం. గాజులంటే సరదా లేనివాళ్ళు గబగబా అవతలికి వెళ్ళిపోతారు. నీలాంటివాళ్ళు ప్రతి కొట్టు దగ్గరా ఆగి ఆఖర్న వస్తారు. ఆవిర్లూ అంతే. ఆ పూతంటే ఎంత ఇష్టమో అంత ఆలస్యం. ఎవరు ఎన్ని నిమిషాలకి బయటికొచ్చారో చూసి ఎవరెవరో పోల్చుకుంటాం."

తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఓవెన్ ఎంత వేడెక్కాలో, ఎంతసేపు ఉండాలో, ఏ సీసా తర్వాత ఏ సీసా తీసుకోవాలో వరసగా రాసిపెట్టింది. ముందు తెలిసిన పదార్థాన్ని పంపి, అది వచ్చే సమయం గుర్తు పెట్టుకోమంది. ఆ తర్వాతే మందు వంతు. మందు తయారీలో వాడిన ద్రావకాలు అందులో ఎంత మిగిలాయో తేల్చడానికట ఇదంతా. కాసేపటికి తెరమీద సన్నటి గోపురాలు లేచాయి.

"అన్నీ అదే కొలుస్తుంటే ఇక నువ్వెందుకే?" అన్నాను, అసలు సంగతికి దారి తీద్దామని.

"గోపురం ఎక్కడ మొదలైందో, ఎక్కడ దిగిందో అది గీత గీస్తుంది. ఆ గీత సరైనదో కాదో చూడ్డానికి మనిషి ఉండాలిగా" అంది. పూర్వం కాగితంమీద పడిన గోపురాల్ని కత్తెరతో కత్తిరించి, ఆ ముక్కల్ని త్రాసులో తూచి లెక్కలు కట్టేవారట! జాకెట్టు గుడ్డ కత్తిరించినట్టే అనుకుని నవ్వుకున్నాను. "ఇంతకీ ఈ యంత్రాన్ని మొదట ఎవరు చేశారే?" అంటే, "ఒకావిడ ఉంది పిన్నీ, చదువు" అంది.

ఇంటికొచ్చి చదివాను. ఈ విద్యకి మూలపురుషుడు రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్. సుద్దపొడి నింపిన గాజుగొట్టంలోంచి ఆకురసాన్ని దింపితే పచ్చ, పసుపు చారలు విడివిడిగా నిలిచాయి. 1906లో దానికి క్రొమటోగ్రఫీ, అంటే రంగుల రాత, అని పేరు పెట్టాడు. ఆయన ఇంటిపేరుకి అర్థమూ రంగేనట. 1941లో ఇంగ్లండులో మార్టిన్, సింజ్ అనే ఇద్దరు ఈ విద్యను ముందుకు తీసుకెళ్ళి, ద్రవం బదులు ఆవిరినీ వాడవచ్చని రాశారు. 1952లో వాళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏడే మార్టిన్, జేమ్స్‌తో కలిసి, ఆవిరి పద్ధతిని చేసి చూపించాడు. చాలాకాలం అందరూ కథని అక్కణ్ణుంచే మొదలుపెట్టారు.

కానీ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఎరికా క్రేమర్ ఉంది. 1900లో మ్యూనిక్‌లో పుట్టి, 1927లో బెర్లిన్‌లో డాక్టరేటు తీసుకున్నా, ఆడది కావడం వల్ల ఏళ్ళ తరబడి సరైన ఉద్యోగం దొరకలేదు. మగవాళ్ళు యుద్ధానికి పోతే, 1940లో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయంలో చోటిచ్చారు. యుద్ధం అయ్యాక వాళ్ళు తిరిగొస్తారు, అప్పుడు నువ్వు ఖాళీ చెయ్యాలి అని ముందే చెప్పి మరీ!

ఆ మాట చదివి పుస్తకం మూసేశాను. "పెళ్ళయ్యేదాకా చేసుకోనీ" అన్న అక్క గొంతు చెవిలో వినిపించింది.

1944లో ఆమె వాయువుల్ని ఈ పద్ధతిలో విడదీయవచ్చని చిన్న వ్యాసం రాసి ఒక జర్మన్ పత్రికకి పంపింది. వాళ్ళు అంగీకరించారు. ఇంతలో అచ్చాఫీసు మీద బాంబులు పడ్డాయి. వ్యాసం వెలుగు చూడలేదు. అయినా ఆమె పని మానలేదు. యుద్ధం ముగిశాక ఫ్రిట్జ్ ప్రియోర్ అనే విద్యార్థి చేత యంత్రం కట్టించింది. అతను బడిపంతులు. విశ్వవిద్యాలయం బాంబులకి దెబ్బతింటే, తన హైస్కూలు ప్రయోగశాలలోనే పని సాగించాడు. వెల్డింగుకి వాడే ఎసిటిలీన్‌నీ, పళ్ళు మగ్గేటప్పుడు పుట్టే ఇథిలీన్‌నీ 1947 నాటికే విడదీసి చూపించారు.

ఆ పోయిన వ్యాసం 1976లో అచ్చయింది, 32 ఏళ్ళు ఆలస్యంగా. ఆమె మాత్రం ఖాళీ చెయ్యలేదు. ప్రొఫెసరై, 1971లో రిటైరయ్యేదాకా ఇన్స్‌బ్రుక్‌లోనే ఉంది. 1996లో, 96 ఏళ్ళ వయసులో పోయింది. వాళ్ళు కట్టిన ఆ తొలి యంత్రం ఇప్పుడు జర్మనీలో మ్యూజియంలో ఉంది.

అక్కకి ఫోన్ చేశాను. "నేను మాన్పించలేనక్కా. కావాలంటే పెళ్ళివారిని వచ్చి దాని పని చూడమను. ఆ తర్వాత దానితోనే మాట్లాడమను" అని క్రేమర్ కథంతా చెప్పాను. అక్క "నీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ" అని పెట్టేసింది. రెండు రోజులు మాటల్లేవు.

మూడోరోజు తనే చేసింది. "ఇదిగో, ఆవిడ పేరేమిటన్నావు? వాళ్ళత్తగారు రేపొస్తానంది" అంది.