రెండో ప్రతివాది లేని కేసు

1946 జూన్ 17న లండన్‌లో బ్రిటిష్ రవాణా మంత్రికీ, మోటారు బీమా కంపెనీలు కలిసి పెట్టుకున్న మోటార్ ఇన్సూరర్స్ బ్యూరోకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. బీమా లేని బండి ఎవరినైనా గుద్దిందనుకుందాం. కోర్టు పరిహారం ఇమ్మంటుంది, బండివాడు చేతులెత్తేస్తాడు. అప్పుడు ఆ డబ్బు బ్యూరో కడుతుంది. కంపెనీలన్నీ తలా కొంత వేసుకుని ఆ ఖర్చు భరిస్తాయి. సరిగ్గా రెండు వారాల తర్వాత, జూలై 1న, అదే బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న భారతదేశంలో మోటారు బళ్లకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. ఇక్కడి చట్టంలో అలాంటి బ్యూరో ఊసే లేదు. అక్కడ చట్టంలోని కంత పూడ్చుకున్నారు, ఇక్కడ కంతతో సహా చట్టం తెచ్చుకున్నారు.

బ్రిటన్‌కు కూడా ఆ తెలివి ఒక్కరోజులో రాలేదు. 1896 ఆగస్టులో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిజెట్ డ్రిస్కాల్ అనే మహిళ మోటారు కారు తగిలి చనిపోయింది. ఇలాంటిది మళ్లీ జరగకూడదని విచారణ జరిపిన కరోనర్ ఆశపడ్డాడు. 1930 వచ్చేసరికి ఆ దేశపు రోడ్ల మీద ఒక్క ఏడాదిలో 7,305 మంది పోయారు. అప్పటిదాకా బీమా అన్నది యజమాని ఇష్టం. కలిగినవారు తమ కారు కోసం, తమ ఆస్తి కోసం కట్టుకునేవారు. సెకండ్ హ్యాండ్ కారు కొని అప్పులతో తిప్పుకునేవాడు ఎవరి కాలో విరగ్గొడితే కోర్టు తీర్పు గోడకు తగిలించుకోవడానికే పనికొచ్చేది.

1930 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం దీన్ని మార్చింది. కార్లకున్న గంటకు 20 మైళ్ల వేగ పరిమితిని ఎత్తేసింది ఆ చట్టమే. ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా లేకుండా బండి రోడ్డెక్కరాదని, 1931 జనవరి 1 నుంచి శాసించిందీ అదే. వేగానికి తలుపు తీసి, దాని మూల్యానికి పూచీ అడిగిందన్నమాట.

పూచీ అడిగినంత మాత్రాన దొరకలేదు. మాంక్ వర్సెస్ వార్బీ అనే కేసు చూడండి. ఒక యజమాని తన కారును తెలిసినవాడికిచ్చాడు, అతను ఇంకొకడి చేతికిచ్చాడు. ఆ ఇద్దరికీ పాలసీ వర్తించదు. కారు వెళ్లి బస్సును గుద్దింది, బస్సు డ్రైవరు గాయపడ్డాడు. కారు నడిపినవాడి దగ్గర వసూలు చేసుకోవడానికి ఏమీ లేదు. బీమా లేని చేతికి బండి ఇవ్వడమే తప్పు కాబట్టి యజమానే సొంతంగా కట్టాలని 1930ల మధ్యలో అప్పీలు కోర్టు తేల్చింది. మరి యజమాని కూడా లేనివాడైతే? ఈ ప్రశ్న మీద కూర్చున్న క్యాసెల్ కమిటీ 1937లో నివేదిక ఇచ్చింది. కేంద్ర నిధి లాంటిది ఉండాలన్న ఆలోచన యుద్ధం ముగిశాక బ్యూరో రూపంలో కార్యరూపం దాల్చింది.

మిగతా దేశాలు తలా ఒక దారి తొక్కాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1927లోనే బీమాను తప్పనిసరి చేసింది. న్యూజిలాండ్ 1928లో చట్టం చేసి, ప్రీమియాన్ని బండి ఏటేటా కట్టే లైసెన్సు రుసుముతో కలిపేసింది. రుసుము కట్టకుండా తిరగడం కుదరదు, కట్టాక బీమా లేకపోవడం కుదరదు. దక్షిణాఫ్రికా 1986లో పెట్రోలు మీదే లెవీ వేసి ప్రమాదాల నిధికి మళ్లించింది.

మన దగ్గర 1914 మోటారు వాహనాల చట్టం రిజిస్ట్రేషన్, లైసెన్సుల గురించి మాట్లాడిందే తప్ప బీమా ప్రస్తావన చేయలేదు. 1936-37లో వేసిన మోటారు వాహనాల బీమా కమిటీ నిర్బంధ బీమాకు సిఫారసు చేసింది. 1939 చట్టంలో ఎనిమిదో అధ్యాయం అందుకే పెట్టారు. కానీ దాన్ని వెంటనే అమలు చేయలేదు. 1943 జూలై నుంచి అన్నారు, యుద్ధకాలంలో ఆ గడువు 1946 జూలైకి జరిగింది. ఒకటి రెండు బస్సులు పెట్టుకుని బతికే చిన్న యజమానులు సహకార సంఘాలుగా ఏర్పడి తమ బళ్లకు తామే బీమా ఇచ్చుకోవచ్చన్న వెసులుబాటు కూడా అందులో ఉంది. లారీల విషయంలో బీమా బాధ్యతకు 20,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. అది 1969లో 50,000, 1982లో లక్షన్నర అయింది. మనుషుల ప్రాణనష్టానికి, గాయాలకు ఈ పరిమితి తొలగింది 1988 చట్టంతోనే.

తెలుగునాట ఈ చరిత్రలో ఒక వింత పాయ ఉంది. హైదరాబాద్ సంస్థానం బ్రిటిష్ ఇండియా చట్టాల కిందికి రాదు. అక్కడ నిజాం ప్రభుత్వం 1932లోనే రైల్వే శాఖ అనుబంధంగా 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ వారసత్వమే 1958 జనవరిలో ఏపీఎస్ ఆర్టీసీ అయింది. ప్రభుత్వ వాహనాలకు, రవాణా కార్పొరేషన్లకు బీమా నుంచి మినహాయింపు ఇవ్వడానికి పాత చట్టం, కొత్త చట్టం రెండూ వీలు కల్పించాయి. షరతు ఒక్కటే: పరిహారం చెల్లించడానికి సొంత నిధి ఉంచుకోవాలి. అందుకే మన ఊళ్ల మీదుగా తిరిగే ఎర్ర బస్సుకు పాలసీ కాగితం లేకపోయినా చట్టం తప్పు పట్టదు. పరిహారం ఆలస్యమైనప్పుడు కోర్టు అమీనా డిపోకు వచ్చి బస్సును జప్తు చేశాడన్న వార్త జిల్లా ఎడిషన్లలో అప్పుడప్పుడు కనిపించేది ఇందువల్లనే.

ప్రభుత్వమే యజమాని అయినంత మాత్రాన బాధితులకు ఊరట దక్కుతుందని లేదు. హర్యానాలో రాష్ట్ర రవాణా బస్సు కింద ఇంటి పెద్దను పోగొట్టుకున్న తల్లీకూతుళ్లను కోర్టు ఫీజు కట్టాల్సిందేనంటూ ఆ రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా లాగింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ప్రభుత్వానికి గట్టిగా చీవాట్లు పెట్టి ఆ అభ్యర్థనను తిప్పికొట్టారు.

ఆ తల్లీకూతుళ్లు వెళ్లిన మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లు 1956 సవరణతో వచ్చాయి. అంతకు ముందు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ దావా వేసుకోవాలి. మన జిల్లాల్లో ట్రిబ్యునల్ అంటే వేరే భవనమేమీ కాదు, జిల్లా జడ్జి కోర్టే. అక్కడ ఎంవీఓపీ (పరిహారం కోరే పిటిషన్) కట్ట ఒకటి విప్పి చూస్తే అన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, చార్జిషీటు, ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదని బ్రేకు ఇన్‌స్పెక్టరు రాసిన కాగితం ఏ-సిరీస్ ఎగ్జిబిట్లుగా ఉంటాయి. సాధారణంగా మొదటి ప్రతివాది బండి యజమాని, రెండో ప్రతివాది బీమా కంపెనీ. యజమాని తరచుగా కోర్టుకే రాడు, ఎక్స్‌పార్టీ అయిపోతాడు. వాదనంతా నడిపేది కంపెనీ వకీలు. ఆయన దాఖలు చేసే బీ-1 ఎగ్జిబిటే పాలసీ. బాధిత కుటుంబానికి ఆ ఫైలులో అన్నిటికన్నా విలువైన కాగితం అవతలి పక్షం ఇచ్చినదే!

డ్రైవరుకు సరైన లైసెన్సు లేకపోయినా సరే, ముందు బాధితులకు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కంపెనీని ఆదేశించవచ్చని స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇదంతా బీ-1 ఉంటేనే. పాలసీ లేని కేసులో రెండో ప్రతివాది గడి ఖాళీ. డిక్రీ వస్తుంది, ఆ వెనక దాని అమలు కోసం ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయాలి. కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించే వీలు చట్టంలో ఉంది. కానీ యజమాని పేరిట ఉన్నది ఆ పాత బండి ఒక్కటే అయితే కలెక్టరు మాత్రం దేన్ని వేలం వేస్తాడు?

అందుకే ప్రమాదం జరిగిన రోజున పాలసీ కోసం పరుగులు పెట్టినవారూ ఉన్నారు. పొద్దున ప్రమాదం, సాయంత్రం కవర్ నోటు. 1990లో రామ్ దయాళ్ కేసులో, ఆ రోజు తేదీతో తీసుకున్న పాలసీ ఆ రోజు మొదలైనప్పటి నుంచీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు అంది. కంపెనీలు మేలుకుని గంట, నిమిషం కూడా రాయడం పట్టుకున్నాయి. అలా సమయం వేసి ఉంటే ఆ క్షణం నుంచే లెక్క అని కొన్నేళ్లకే మరో తీర్పు వచ్చింది. ఇవాళ పాలసీ మీద ‘ఫలానా గంటల నుంచి’ అని కనిపించే చిన్న అక్షరాల వెనక ఉన్నది ఆ పరుగుల చరిత్రే.

1982లో పార్లమెంటు రెండు మంచి పనులు చేసింది. తప్పు ఎవరిదన్న వాదనతో పని లేకుండా మరణానికి 15,000 రూపాయలు ఇప్పించే నిబంధన ఒకటి. గుద్ది పారిపోయిన బండి ఆచూకీ దొరకని కేసుల్లో మరణానికి 5,000, తీవ్ర గాయానికి 1,000 ఇచ్చే సొలేషియం నిధి మరొకటి. రెండోది పెరుగుతూ పెరుగుతూ 2022 ఏప్రిల్ నుంచి 2 లక్షలు, 50 వేలు అయింది. ఇందులో ఒక విడ్డూరం దాగి ఉంది. బండి ఏదో తెలియకపోతే నిధి నుంచి 2 లక్షలు వస్తాయి. బండి నంబరు, యజమాని చిరునామా, అతనికి బీమా లేదన్న సంగతి అన్నీ తెలిస్తే మాత్రం చేతికొచ్చేది డిక్రీ కాగితం.

బీమా వ్యాపారం చేతులు మారడం ఈ సమస్యను తగ్గించలేదు. 1973 జనవరి 1న 107 కంపెనీలను నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా మార్చారు. లారీల థర్డ్ పార్టీ వ్యాపారం నష్టాల ఖాతా కావడంతో దాన్ని తీసుకోవడానికి కంపెనీలు ముఖం చాటేసేవి. చివరికి 2007లో ఆ భారాన్ని అందరూ పంచుకునే పూల్ పెట్టాల్సి వచ్చింది. ఇదంతా చూసే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. దేశంలోని పాలసీల వివరాలన్నీ ఒకచోట చేర్చే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఉన్నదీ ఈ నగరంలోనే.

ఆ లెక్కల ఆధారంగా, రోడ్ల మీది బళ్లలో సుమారు 56 శాతానికి బీమా లేదని పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం 2024లో పేర్కొంది. వాటిలో ఎక్కువ ద్విచక్ర వాహనాలే. 2018 దాకా షోరూములో మొదటి ఏడాది బీమా ఆన్ రోడ్ ధరలోనే కలిసిపోయేది, కొన్నవాడికి కట్టినట్టే తెలిసేది కాదు. రెండో ఏడాది గుర్తు చేసేవాడు ఉండేవాడు కాదు. బండి ఊళ్లోనే పొలానికీ సంతకూ తిరుగుతుంటే అడిగేవాడూ ఉండేవాడు కాదు.

కోయంబత్తూరు ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ రోడ్డు భద్రత మీద వేసిన వ్యాజ్యంలో 2018 జూలైలో సుప్రీంకోర్టు ఈ కీలకాన్ని పట్టుకుంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్లు థర్డ్ పార్టీ బీమా కొన్నప్పుడే కట్టించాలంది. మేలు జరిగింది. కానీ ఆ అయిదేళ్లు 2023 సెప్టెంబరు నుంచి తీరిపోవడం మొదలైంది. బండి మొదటి యజమాని చేతులు దాటి, కన్సల్టెన్సీల చుట్టూ తిరిగే వయసు కూడా సరిగ్గా అదే.

2018లోనే ఉషాదేవి కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ప్రమాదం చేసిన బండికి బీమా లేకపోతే, యజమాని తగిన పూచీకత్తు ఇచ్చేదాకా బండిని వదలకూడదని, మూడు నెలల్లో ఇవ్వకపోతే వేలం వేసి సొమ్మును ట్రిబ్యునల్‌కు జమ చేయాలని రాష్ట్రాలు నిబంధనలు మార్చుకోవాలని చెప్పింది. పాత మోపెడ్ వేలంలో ఎంత పలుకుతుందో ఊహించుకోవచ్చు.

2019 సవరణ బీమా లేకుండా నడిపితే జరిమానాను 1,000 నుంచి 2,000కు, రెండోసారి పట్టుబడితే 4,000కు పెంచింది. 2022 జూన్ రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు, పన్ను అదనం. జరిమానా కన్నా బీమా చవక. అయినా జనం కట్టడం లేదంటే కారణం ధర ఒక్కటే కాదు, దొరకబోమన్న ధీమా. బ్రిటన్ ఆ ధీమా మీదే దెబ్బ కొట్టింది. 2005 చట్టంతో బీమా లేని బండిని రోడ్డు మీదే స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకిచ్చింది. 2011 నుంచి పాలసీల జాబితాను రిజిస్ట్రేషన్ల జాబితాతో పోల్చి, బీమా లేదని తేలిన యజమానికి ఇంటికే ఉత్తరం పంపుతోంది. బండి రోడ్డెక్కనక్కర్లేదు, పోలీసు ఆపనక్కర్లేదు.

మన దగ్గర ఆ రెండు జాబితాలూ ఉన్నాయి. వాహన్ డేటాబేస్‌లో రిజిస్ట్రేషన్లు, హైదరాబాద్ బ్యూరోలో పాలసీలు. 2022 నిబంధనలతో మోటారు వాహన ప్రమాద నిధిలో బీమా లేని బళ్ల కోసం వేరే ఖాతా తెరిచారు. 2025 మేలో వచ్చిన పథకం కింద క్షతగాత్రులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు రహిత చికిత్స అందుతుంది. ఇవి సరైన దిశలో పడిన అడుగులే. అయితే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయిన దేశంలో చికిత్స ఖర్చుతో లెక్క తీరదు. గడువు తీరిన ప్రతి పాలసీకీ యజమాని ఫోనుకు నోటీసు వెళ్లాలి. ట్రిబ్యునల్ ఇచ్చిన పరిహారం మొత్తాన్ని నిధే ముందు చెల్లించి, యజమాని వెంటపడే పనిని ప్రభుత్వం నెత్తిన వేసుకోవాలి. జరిమానాలు ఎన్నిసార్లు పెంచినా ఈ రెండో పని జరగనంత కాలం, 1946లో వదిలేసిన బాకీ అలాగే ఉన్నట్టు.