దృశ్యమునుండి గ్రంథమునకు: పాఠశాల గ్రంథాలయ ప్రచారమున వీడియో స్థానము

మన పాఠశాలలలో పుస్తకములు లేకపోవుటకంటె, ఉన్న పుస్తకములు బీరువాలలో తాళముల వెనుక నిలిచిపోవుట మిక్కిలి చింతింపదగిన విషయము. పుస్తకము పోయినచో తాను జవాబు చెప్పుకొనవలసివచ్చునను భయముచే ఉపాధ్యాయుడు తాళము తీయడు. ఏ పుస్తకమున ఏమున్నదో యెరుగని విద్యార్థి తీయుమని అడుగడు. విద్యార్థిచేత అడిగించు ప్రయత్నమునకే గ్రంథాలయ ప్రచారమని పేరు. సెల్‌ఫోను తెరకు అలవాటుపడిన నేటి బాలబాలికల విషయమున వీడియో ఆ ప్రయత్నమునకు ఎట్లు, ఎంతవరకు తోడ్పడగలదో విచారించుట ఈ వ్యాసమునకు లక్ష్యము.

దృశ్యసాధనములను గ్రంథాలయసేవకు వినియోగించుట నేడు పుట్టిన పద్ధతి కాదు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడు 1910లో విలియం బోర్డెన్ అను అమెరికా గ్రంథాలయవేత్తను రప్పించి తన సంస్థానమున గ్రంథాలయ వ్యవస్థను నెలకొల్పించినపుడు, అచ్చటి గ్రంథాలయ శాఖవారు గ్రామములకు పుస్తకముల పెట్టెలు పంపుటతో తృప్తిపడక, మ్యాజిక్ లాంతరులను, స్టీరియోస్కోపులను, చలనచిత్రములను సైతము చేపట్టి, అక్షరజ్ఞానము లేనివారికిని లోకవిశేషములను చూపిరి. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణముగారు 1935లో పెదపాలెం ప్రాంతపు కాలువలపై పడవలో పుస్తకములను పాఠకుల చెంతకు చేర్చిరి. పాఠకుడు వచ్చునంతవరకు వేచియుండక గ్రంథాలయమే పాఠకుని వెదకికొని పోవలెనను ధర్మము ఈ రెండు యత్నములకును మూలము. వీడియోను ఆ ధర్మమునకు లోబరచి వాడినప్పుడే అది సార్థకమగును.

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో రెండవది ప్రతి పాఠకునకును తగిన గ్రంథము దొరకవలెనని విధింపగా, మూడవది ప్రతి గ్రంథమునకును తగిన పాఠకుని సమకూర్చు భారమును గ్రంథాలయముపై నుంచినది. చదువు గొప్పదనియు, అందరును గ్రంథాలయమునకు రావలెననియు సామాన్యముగ బోధించు వీడియో ఈ మూడవ సూత్రమును నెరవేర్పజాలదు. ఏలయన, దానిని చూచి ఉత్సాహముతో వచ్చిన బాలుడు బీరువా యెదుట నిలిచి, ఏది తీయవలెనో తోచక మరలిపోవును. కావున ఒక వీడియో ఒక్క గ్రంథమును గూర్చియే మాటాడవలెను.

ఇది ఆచరణలో ఎట్లుండునో చూతము. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె జానపద కథల సంపుటిని గూర్చి నిమిషమున్నర వీడియో తీయబూనినదనుకొందము. ఆమె ముందుగా పుస్తకమును ఆమూలాగ్రముగ చదువవలెను. ఏ కథ తోడివారిని ఆకర్షించునో, దానిని ఎచ్చట ఆపిన తరువాయి తెలిసికొన కోరిక పుట్టునో నిశ్చయింపవలెను. చెప్పదలచినదానిని ఏడెనిమిది వాక్యములకు కుదించి, ఏ వాక్యమునకు ఏ దృశ్యమో కాగితముపై గళ్లు గీసి చూచుకొనవలెను. స్నేహితురాలు ఫోను పట్టుకొనగా, మాట స్పష్టముగ వినబడుటకై పంకా ఆపి, ఆమె కథ నందుకొనును. చివరి దృశ్యమున ఆమె వ్రేలు అరలోని పుస్తకముల వీపులవెంట సాగి, డ్యూయీ వర్గీకరణమున జానపద వాఙ్మయమునకు చెందిన 398.2 అను చీటీకడ ఆగి, ఆ సంపుటిని వెలికి తీయును. చూచినవారికి పుస్తకముపై కోరికయు, దానిని చేరు దారియు ఒక్కసారిగ లభించును. అంతకుమించిన లాభము తీసినవారిది. ఎన్నుకొనుట, కుదించుట, చెప్పక దాచుట అను మూడు పనులలోను వారు ఆ గ్రంథమును మరల మరల చదివినవారగుదురు. ఇట్టి వీడియోలను ఉపాధ్యాయులే తీసి యిచ్చుటకంటె విద్యార్థులచే తీయించుట మేలనుటకు ఇదియే హేతువు.

ఇందు పాటింపవలసిన మర్యాదలు కలవు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము గ్రంథకర్త గతించిన పిమ్మట 60 సంవత్సరములవరకు సాధారణముగ హక్కులు నిలిచియుండును గనుక, తరగతిలో కథ చదివి వినిపించుటయు, దానినంతయు వీడియోగా లోకమునకు విడుచుటయు ఒకటి కావు. పిల్లల ముఖములను బహిరంగముగ చూపుటకు తల్లిదండ్రుల సమ్మతి అవసరము. చేతులను, కంఠస్వరమును మాత్రమే వాడి, ఉదయపు ప్రార్థనాసమావేశమునను తరగతి తెరపైనను ప్రదర్శించుట అంతకంటె క్షేమకరము. ఇంటర్నెట్టు లేని పల్లెబడులకును ఈ మార్గము అనువైనది.

ఫలితమును కొలుచుటలో ఎందరు చూచిరను సంఖ్యను నమ్మరాదు. వీడియోకు ముందొక నెలయు, పిదప నొక నెలయు ఆ పుస్తకమును ఎందరు తీసికొనిరో, వీడియో లేని సాటి పుస్తకమును ఎందరు తీసికొనిరో అరువు రిజిస్టరులో పోల్చిచూచినచో నిజము తేలును. ఒకే ప్రతి యున్న పుస్తకమునకు పేర్ల వరుస యొకటి వ్రాసిపెట్టనిచో కలిగిన కోరిక నిరాశగా మారును. అన్నిటికిని మించి, వారమునకొక గ్రంథాలయ పీరియడు నిజముగ జరుగవలెను. చదువుటలో నలిగిన పుస్తకమునకు ఉపాధ్యాయుని బాధ్యుని చేయబోమని ప్రధానోపాధ్యాయుడు స్పష్టముగ హామీ యీయవలెను. పిల్లలు అడుగునట్లు చేయుటవరకే వీడియో శక్తి. అడిగిన దినముననే పుస్తకము చేతికిచ్చుట పెద్దల విధి. ఆ విధిని నెరవేర్చుటకు సిద్ధపడిన పాఠశాలయే వీడియో తీయ నారంభింపవలెను.