డంపింగ్ యార్డుల మీథేన్ అంచనా: సూత్రం ఒకటే, ఫలితాలు అనేకం

సారాంశం: పట్టణ చెత్తగుట్టల నుంచి వెలువడే మీథేన్‌ను లెక్కగట్టేందుకు వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ బృందం (ఐపీసీసీ) సూచించిన ప్రథమ క్రమ క్షయ పద్ధతిని హైదరాబాదు, విశాఖపట్నం పరిస్థితులకు అన్వయించి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఎంచుకున్న గుణకాలను బట్టి ఒకే టన్ను తడి చెత్తకు ఫలితం ఎంత మారుతుందో ఇందులో చూపాం. అంచనా నాణ్యత సూత్రం కంటే స్థానిక సమాచారం మీదే ఎక్కువగా ఆధారపడుతుందని ప్రతిపాదిస్తున్నాం.

కీలక పదాలు: మీథేన్, తడి చెత్త, డంపింగ్ యార్డు, క్షయ రేటు, ఉపగ్రహ కొలతలు

1. నేపథ్యం

గుట్టగా పోసిన చెత్తలో లోపలి పొరలకు ఆక్సిజన్ అందదు. అక్కడ సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టగా వచ్చే వాయువులో దాదాపు సగం మీథేన్. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, ఇలాంటి జీవజన్య మీథేన్ అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే వందేళ్ల కాలంలో 27 రెట్లు, ఇరవై ఏళ్లలో సుమారు 80 రెట్లు భూతాపాన్ని పెంచుతుంది. గుట్ట అంతటా సన్నగా వెలువడే ఈ వాయువును నేరుగా కొలవడం కష్టం. అందుకే చాలా నగరాలు లెక్కలనే నమ్ముకోవాల్సి వస్తోంది.

2. లెక్క తీరు

1996 నాటి ఐపీసీసీ మార్గదర్శకాల్లోని సాధారణ పద్ధతి, ఒక ఏడాది పోసిన చెత్త మీథేనంతా ఆ ఏడాదే బయటికి వస్తుందని భావించింది. 2006 మార్గదర్శకాలు దాన్ని పక్కనబెట్టి, చెత్త ఏళ్ల తరబడి క్రమంగా కుళ్ళుతుందన్న క్షయ పద్ధతిని స్థిరపరిచాయి.

ఒక టన్ను ఆహార వ్యర్థాన్ని తీసుకుందాం. అందులో కుళ్ళగల కార్బన్ 15 శాతం, అంటే 150 కిలోలు. అందులో సగమే నిజంగా కుళ్ళుతుందని ప్రామాణిక విలువ. ఐదు మీటర్లకు మించి లోతున్న, నిర్వహణ లేని గుట్టకు, ఆక్సిజన్ లేకుండా కుళ్ళే వాటాను సూచించే దిద్దుబాటు గుణకం 0.8. వాయువులో సగం మీథేన్ అనుకుని, కార్బన్ బరువును మీథేన్ బరువుగా మారిస్తే మొత్తం 40 కిలోలు వస్తుంది. అదే చెత్తను లోతు తక్కువ గుట్టలో పోస్తే గుణకం 0.4 అవుతుంది, ఫలితం 20 కిలోలకు దిగుతుంది. 2019 సవరణ ప్రకారం ఆహార వ్యర్థంలో కుళ్ళే వాటాను 70 శాతంగా తీసుకుంటే, లోతైన గుట్టలోనే 56 కిలోలు అవుతుంది.

3. వానగీత

ఈ మీథేన్ ఎంత త్వరగా వస్తుందన్నది క్షయ రేటు తేలుస్తుంది. ఉష్ణమండలంలో ఏడాది వర్షపాతం 1000 మిల్లీమీటర్ల లోపుంటే ఆహార వ్యర్థానికి 0.085, దాటితే 0.4 వాడమంటుంది ఐపీసీసీ. హైదరాబాదు వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు కాగా, విశాఖది వెయ్యికి కాస్త పైన. అంటే మన రెండు పెద్ద నగరాలు గీతకు చెరోవైపు పడతాయి. పై 40 కిలోల్లో కుళ్ళడం మొదలైన తొలి ఏడాదిలో వెలువడేది హైదరాబాదు లెక్కలో 3.3 కిలోలైతే, విశాఖ లెక్కలో 13.2 కిలోలు. సగం కుళ్ళడానికి ఒకచోట ఎనిమిదేళ్లు, మరోచోట రెండేళ్ల లోపు. కానీ మన తడి చెత్త గుట్టకు చేరేటప్పటికే నీటితో నిండి ఉంటుంది. కాబట్టి వర్షపాతం ఒక్కదాన్నే చూసి హైదరాబాదుకు పొడి ప్రాంతపు రేటు వాడితే ఏటా వెలువడే మీథేన్ తక్కువగా తేలే ప్రమాదముంది.

4. చెత్త కూర్పు, యార్డు స్థితి

ఇదే లెక్క కోసం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ రూపొందించిన ల్యాండ్‌జెమ్ నమూనాలోని ప్రామాణిక విలువలు ఆ దేశపు చెత్తకు తగినవి. మన దగ్గర కాగితం, అట్టపెట్టెలు గుట్టకు చేరకముందే చాలావరకు చెత్త ఏరుకునేవారి చేతికి, పాత సామాన్ల దుకాణాలకు పోతాయి. బదులుగా ఇంటి శిథిలాలు, కాలువ పూడిక వచ్చి కలుస్తాయి. తూకంలో ఇవి బరువు పెంచుతాయి కానీ మీథేన్ ఇవ్వవు. గుట్టకు నిప్పంటుకుంటే కుళ్ళవలసిన కార్బన్‌లో కొంత పొగగా పోతుంది. హైదరాబాదు శివార్లలోని జవహర్‌నగర్‌లో పాత గుట్టను కప్పేశారు. అలాంటి చోట పైపొరలో ఆక్సీకరణ చెందే వాటాను, సేకరించిన వాయువును మినహాయించాలి. కప్పని గుట్టకు ఈ మినహాయింపులు వర్తించవు.

5. కొలతలతో పోలిక

నేల మీద పెట్టెలు బోర్లించి చేసే కొలతలు చిన్న జాగాకే పరిమితం. పగుళ్లలోంచి ఎగదన్నే వాయువు వాటికి చిక్కకపోవచ్చు. ఉపగ్రహాల ఆధారంగా 2022లో వెలువడిన ఒక అధ్యయనం ఢిల్లీ, ముంబయి, లాహోర్, బ్యూనస్ ఎయిర్స్ నగరాల మీథేన్ ఉద్గారాలు అంతకుముందరి అంచనాల కంటే 1.4 నుంచి 2.6 రెట్లు ఎక్కువని తేల్చింది. అయితే ఉపగ్రహం చూసేది ఒక క్షణాన్ని మాత్రమే. గాలి వేగం తప్పుగా తీసుకుంటే లెక్కా తప్పుతుంది. పైగా గుట్ట బాగా తడిసే వానాకాలంలో మేఘాలు దాని చూపుకు అడ్డుపడతాయి.

6. ముగింపు

లెక్క, కొలత రెండూ ఒకదాన్నొకటి సరిచూసుకోవలసినవే. అంతకంటే ముందు నగరపాలక సంస్థలు చేయగల పనులు మూడున్నాయి: వేబ్రిడ్జి తూకాల్లో శిథిలాలను విడిగా నమోదు చేయడం, వేసవిలోనూ వానాకాలంలోనూ చెత్త కూర్పును పరీక్షించడం, గుట్టల లోతును, వయసును నమోదు చేయడం. ఏ గుణకాలు వాడారో చెప్పకుండా ప్రకటించే ఒంటరి అంకెను పరిశోధకులు అంగీకరించకూడదు. కనిష్ఠ, గరిష్ఠ విలువలతో కూడిన అంచనాయే విధాన నిర్ణయాలకు పనికొస్తుంది.