బిమ్స్‌టెక్ - ఉత్తరాంధ్ర నార పరిశ్రమ

బిమ్స్‌టెక్ అనునది బంగాళాఖాత ప్రాంతంలోని ఏడు దేశాల ఆర్థిక సహకార కూటమి. 1997 జూన్ 6న బ్యాంకాక్‌లో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ దీనిని స్థాపించాయి. అదే ఏడాది డిసెంబరులో మయన్మార్, 2004లో సముద్రతీరమే లేని నేపాల్, భూటాన్ చేరాయి. 2014 నుండి సచివాలయం ఢాకాలో ఉంది. సభ్యదేశాల నడుమ వాణిజ్యాన్ని, పెట్టుబడులను పెంచడం దీని ఆశయాలలో ముఖ్యమైనది.

స్వేచ్ఛా వాణిజ్యం

సుంకాల తగ్గింపుకు ప్రాతిపదికగా 2004 ఫిబ్రవరిలో ఫుకెట్‌లో ఒక ఒప్పందం కుదిరింది. పూర్తి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మాత్రం రెండు దశాబ్దాలు గడచినా సిద్ధించలేదు. ఇరుగుపొరుగు దేశాలు ఒకే సరుకును తయారుచేసేటప్పుడు సుంకాలు ఎత్తివేయడం ఎంత చిక్కైన పనో విజయనగరం జిల్లా బొబ్బిలి ప్రాంతపు జూట్ మిల్లులను చూస్తే బోధపడుతుంది.

గోగు, జనపనార

ఉత్తరాంధ్ర మెట్టభూములలో గోగు వర్షాధారపు పంట. కోసిన కట్టలను చెరువు నీటిలో ఊరవేసి నార తీస్తారు. ఇది జనపనార కంటే ముతక. అందువలన మిల్లులు రెండింటినీ కలిపి వడుకుతాయి. బొబ్బిలి, నెల్లిమర్ల, రాజాం మొదలైన చోట్ల వెలసిన మిల్లులకు, ఆహారధాన్యాలను, పంచదారను గోనెసంచులలో నింపాలని నిర్దేశించిన 1987 నాటి కేంద్ర చట్టం పెద్ద అండ. గోగు సాగు క్రమంగా తగ్గిపోగా బెంగాల్ జనపనారపై ఆధారపడటం పెరిగింది.

సుంకాల వివాదం

దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం క్రింద 2011లో బంగ్లాదేశ్ సరుకులలో అత్యధిక భాగానికి భారత్ సుంకం తొలగించింది. చౌకగా వస్తున్న సంచులు, నూలు తమను దెబ్బతీస్తున్నాయని దేశీయ మిల్లులు ఫిర్యాదు చేయగా, 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాల్ జనపనార ఉత్పత్తులపై యాంటీ డంపింగ్ సుంకం విధించారు. ఈ ఇద్దరూ బిమ్స్‌టెక్ సభ్యులే కావడం గమనార్హం. 2025 జూన్‌లో బంగ్లాదేశ్ జనపనార, దాని ఉత్పత్తులు భూమార్గాన రావడాన్ని భారత్ నిలిపివేసి, ముంబై వద్దనున్న నవశేవా రేవు ద్వారా మాత్రమే అనుమతించింది. బెంగాల్ సరిహద్దు దాటితే చాలిన సరుకు దేశాన్నే చుట్టి రావలసివచ్చింది!

ఇక్కడ ప్రయోజనాలు ఒకటి కావు. ముడినార చౌకగా రావాలనీ, తయారైన సంచులు రాకూడదనీ మిల్లు యజమాని కోరిక. గోగు రైతుకు ఆ ముడినారే పోటీ. నార ధర పెరిగినా, సంచులు అమ్ముడుపోకున్నా మిల్లు మూతపడితే కూలి పోయేది కార్మికునికి.

రేవులు

సుంకాల కంటే రవాణా విషయంలో కూటమి కొంత ముందుకు సాగింది. సముద్ర రవాణా సహకార ఒప్పందంపై 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో సంతకాలు జరిగాయి. సభ్యదేశాల రేవుల సదస్సులు 2019 నవంబరులోను, 2025 జూలైలోను విశాఖపట్నంలోనే జరిగాయి.