బంతి మీద ఎవరి పేరు?

చేతుల చరిత్ర – 9వ భాగం



బంతుల మీద పేర్లు చెక్కించుకోవడం ఇప్పుడు బాగా పెరిగింది. ఐదు వికెట్లు తీసిన కుర్రాడికి అదే బంతి మీద అతని పేరు, తేదీ, స్కోరు లేజర్‌తో చెక్కించి బహుమతిగా ఇస్తున్నారు. పుట్టినరోజుకు పిల్లాడి పేరుతో ఫుట్‌బాల్, రిటైరయ్యే అధికారికి ఆయన పేరుతో గోల్ఫ్ బంతి. ఆర్డరు పెడితే ఇంటికి వస్తాయి.

మంచిదే. ఆడినవాడి పేరు ఉండాలి. కంపెనీ పేరు ఎలాగూ ఉంటుంది. మరి ఆ బంతిని కుట్టినవాళ్ల పేరో? ఈ భాగంలో ఆ లేని పేరు గురించి మాట్లాడుకుందాం.

ముందు బంతి ఎలా తయారవుతుందో చూడండి. క్రికెట్ బంతి లోపల బెండు ఉంటుంది. దాని చుట్టూ ఉన్ని దారం బిగించి చుడతారు. పైన తోలు. మంచి బంతికి నాలుగు తోలు ముక్కలు కావాలి. రెండేసి ముక్కలను లోపలివైపు నుంచి కుట్టి, అచ్చులో నొక్కి గిన్నెల్లా చేస్తారు. ఆ రెండు గిన్నెలను కలిపి కుడతారు. కుట్లు ఆరు వరసలు. ఇంత చేశాక బంతి బరువు 155.9 గ్రాములకు తగ్గకూడదు, 163 గ్రాములకు మించకూడదు. చేత్తో చుట్టిన దారం, చేత్తో లాగిన కుట్టు 7 గ్రాముల తేడాలోపు రావాలి. దీన్నే మన దేశంలో ‘నైపుణ్యం లేని పని’ అంటారు.

ఆ పనివాళ్ల చేతిలో ఉండేది ఆరె. మన మాదిగవాడల్లో చెప్పులు కుట్టిన ఆరె, మోట బొక్కెన కుట్టిన ఆరె. ఊరి పొలాలన్నీ తడిసింది ఆ మోట నీళ్లతోనే. ఆ మోట కుట్టినవాడు మాత్రం ఊరి బావిలో చేద వేయకూడదు. బంతి చరిత్ర కూడా సరిగ్గా ఇదే.

ఇంగ్లండు సంగతి కొంచెం చూద్దాం. టెస్టు క్రికెట్‌లో డ్యూక్స్ బంతి పేరు వినే ఉంటారు. డ్యూక్ అనేది కెంట్ ప్రాంతంలో పెన్స్‌హర్స్ట్ అనే ఊళ్లో తరతరాలుగా బంతులు తయారుచేసిన కుటుంబం పేరు. ఆ పని చేసిన ఇంటి పేరే బంతి పేరయింది. తోలు పని చేశారని వాళ్లను ఎవరూ ఊరి బయట ఉంచలేదు. అక్కడ వర్గం ఉంది, దోపిడీ ఉంది. కానీ తోలు ముట్టుకున్న చేతికి పుట్టుకతో అంటిన మైల లేదు. అందుకే ఆ పేరు బంతి మీదికి ఎక్కగలిగింది.

ఇక్కడ ఏం జరిగిందో పల్వంకర్ బాలూను అడగాలి. 1876లో ధార్వాడ్‌లో పుట్టిన చమార్ కులస్థుడు. పూనాలో క్రికెట్ మైదానం చదును చేసే కూలీగా మొదలుపెట్టి, నెట్స్‌లో తెల్లదొరలకు బంతులు వేస్తూ, దేశంలోనే గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. యూరోపియన్లను ఓడించడానికి పూనా హిందూ జట్టుకు అతని చెయ్యి కావలసి వచ్చింది. మైదానంలో అతను విసిరిన బంతిని సవర్ణ ఫీల్డర్లు పట్టుకున్నారు, మళ్లీ అతనికే విసిరారు. టీ విరామం రాగానే అతనికి పెవిలియన్ బయట, మట్టి ముంతలో టీ. భోజనానికి వేరే చోటు.

ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ బంతి ఆవు తోలు. ఆ తోలును ముట్టుకుంటే సవర్ణ బౌలర్‌కు మైల లేదు. అదే తోలుతో బతికే కులంలో పుట్టినవాడు కప్పు ముట్టుకుంటే మైల. అంటే మైల తోలులో లేదు. మనిషి మీద వేసిన ముద్రలో ఉంది.

1911లో భారత జట్టు ఇంగ్లండు వెళ్తే బాలూ వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా అతన్ని హిందూ జట్టుకు కెప్టెన్‌ను చేయలేదు. దానికోసం ఆ కుటుంబం పోరాడింది. చివరికి 1923లో అతని తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. ఆడినవాడి పేరు కూడా మనకు ఊరికే రాలేదు, గుర్తుపెట్టుకోండి.

ఇక కుట్టినవాళ్ల దగ్గరికి వద్దాం. అవిభక్త పంజాబ్‌లో సియాల్‌కోట్ ఆట వస్తువులకు కేంద్రం. బ్రిటిష్ సైనికుల ఆటల కోసం పెరిగిన పరిశ్రమ అది. ఇప్పుడు మన టెస్టు మ్యాచుల్లో వాడే ఎస్‌జీ బంతి కంపెనీ 1931లో అక్కడే పుట్టింది. ఎస్‌జీ అంటే సాన్స్‌పరేల్స్ గ్రీన్‌లాండ్స్.

అదే 1931లో పంజాబ్‌లో ఇంకొక పేరు కూడా పుట్టింది. మంగూరామ్ నాయకత్వంలో 1926లో మొదలైన ఆద్ ధర్మ్ ఉద్యమం, మేం హిందువులం కాదు, మా పేరు మాకు వేరే ఉంది అని చెప్పింది. 1931 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల మందికి పైగా తమ మతం ‘ఆద్ ధర్మ్’ అని రాయించుకున్నారు. వాళ్లలో చాలామంది తోలు పనివాళ్ల కులాలవాళ్లు. వాళ్లు పోట్లాడింది ఎక్కడ పేరు కోసం? ప్రభుత్వ రికార్డులో పేరు కోసం. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

1947లో దేశం చీలింది. సియాల్‌కోట్ నుంచి హిందూ, సిక్కు వ్యాపారులూ పనివాళ్లూ సరిహద్దు దాటి జలంధర్, మేరఠ్ చేరారు. ఎస్‌జీ 1950లో మేరఠ్‌లో స్థిరపడింది. వ్యాపారుల వెంట వాళ్ల బ్రాండ్లు వచ్చాయి, పునరావాసం వచ్చింది. చేతుల వెంట పని మాత్రమే వచ్చింది. ఈ రోజుకీ మేరఠ్‌లో బంతి తోలును పటికతో పదును చేసేదీ, ముక్కలు కోసేదీ, కుట్టేదీ ఎక్కువగా జాటవ్‌లు. పరిశ్రమల చరిత్ర రాసేవాళ్లు కంపెనీ పెట్టినవాళ్ల గురించి పేజీలు రాస్తారు. కుట్టినవాళ్లకు ‘కారీగర్లు’ అని ఒక్క మాట. ఊరి పేరు లేదు, ఇంటి పేరు లేదు.

వ్యాపారం అలా ఉంటే, తోలు ముట్టుకున్నవాడి ప్రాణం ఇంకా ప్రమాదంలోనే ఉంది. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకుల్ని బట్టలూడదీసి, కట్టేసి కొట్టారు. తోలు తీసినవాడికి దెబ్బలు. ఆ తోలు బంతయితే షోకేసులో చోటు.

ఇప్పుడు లేజర్ సంగతి. ఇదివరకు బంతి మీద పేరు ఎలా పడేది? ఇత్తడి అచ్చు చేయించి, వేడి చేసి, బంగారు రంగు రేకు మధ్యలో పెట్టి తోలు మీద నొక్కేవాళ్లు. ఒక్కో పేరుకూ ఒక్కో అచ్చు కావాలి. అచ్చుకు ఖర్చవుతుంది కాబట్టి వేల బంతుల మీద పడే పేరుకే అచ్చు చేయించడం గిట్టుబాటు. బ్రాండు పేరు పడింది. కుట్టినవాడి పేరెందుకు లేదంటే, ‘ఒక్కొక్కరికీ అచ్చు ఎక్కడ చేయిస్తాం’ అని యజమాని చెప్పగలిగేవాడు.

లేజర్‌కు అచ్చు అక్కర్లేదు. కంప్యూటర్‌లో పేరు కొడితే చాలు, సన్నని వెలుగు కిరణం బంతి పైపొరను ఆ అక్షరాల ఆకారంలో కాలుస్తుంది. మొదటి బంతి మీద ఒక పేరు, రెండో బంతి మీద ఇంకో పేరు. ఖర్చులో తేడా లేదు. అంటే ఆ పాత సాకు పోయింది. కొన్నవాడి పిల్లాడి పేరు నిమిషాల్లో చెక్కగలిగిన యంత్రం కుట్టినామె పేరు కూడా చెక్కగలదు. చెక్కడం లేదంటే కారణం యంత్రంలో లేదు.

ఆ యంత్రం దగ్గర నిలబడే మనిషిని కూడా మర్చిపోవద్దు. చాలా ఫుట్‌బాళ్ల పైపొర పీవీసీ. లేజర్‌తో దాన్ని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకు హాని. తోలు కాలినా పొగే. ఆ పొగను బయటికి లాగే ఏర్పాటు లేని గదిలో ఆ పని ఏ కులాల పిల్లలు చేస్తున్నారో వెళ్లి చూడండి. మన తాతలకు లంద వాసన, మనవలకు ప్లాస్టిక్ పొగ. దీన్ని అభివృద్ధి అనలేం.

అయితే బంతి మీద పేరు చెక్కితే న్యాయం జరిగిపోతుందా? జరగదు. పైగా ఒక ప్రమాదం ఉంది. పేరుంటే కుట్టు ఊడిన బంతి ఎవరిదో వెంటనే తెలుస్తుంది, కూలి కోస్తారు. గౌరవం కోసం అడిగిన పేరు జరిమానా కోసం పనికొస్తుంది. అందుకే బంతి మీద పేరు కంటే ముందు రిజిస్టర్‌లో పేరు కావాలి. 1931లో ఆద్ ధర్మీలు చూపించిన దారి అదే.

1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అంది. పని ఇళ్లకు పంచితే ఆ లెక్కే తేలదు. కాంట్రాక్టరు సంచిలో ముక్కలు తెచ్చి ఇస్తాడు, కుట్టిన బంతులు పట్టుకుపోతాడు. బంతికి ఇంత అని కూలి. ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదు. కాగితం మీద ఆ మనిషే లేదు.

ఇది మార్చలేనిది కాదు. 1996లో అమెరికా పత్రిక లైఫ్‌లో పాకిస్తాన్ పిల్లాడు ఫుట్‌బాల్ కుడుతున్న ఫొటో వచ్చాక ప్రపంచమంతా గొడవైంది. కొనేవాళ్లు నిలదీశారు. 1997 ఫిబ్రవరిలో అట్లాంటాలో సియాల్‌కోట్ ఉత్పత్తిదారులు, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ ఒప్పందం చేసుకున్నాయి. కాంట్రాక్టర్లనూ కుట్టే చోట్లనూ నమోదు చేయాలన్నారు. అంతకాలం దొరకని లెక్క, కొనేవాడు అడగ్గానే దొరికింది. కానీ కుట్టుపని ఇళ్ల నుంచి కేంద్రాలకు మారేసరికి, ఇల్లు వదిలి రాలేని చాలామంది ఆడవాళ్లు ఆ ఆదాయం పోగొట్టుకున్నారు. పనివాళ్లను అడగకుండా చేసే సంస్కరణ అలాగే ఉంటుంది. నమోదు కావాలి, ఇంట్లో కుట్టే ఆడవాళ్లతో సహా కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ యూనివర్సిటీలో అంబేడ్కర్ జయంతికి టోర్నమెంటు పెడతారు. బంతులు కొంటారు, పేర్లు చెక్కిస్తారు. ఈసారి ఆర్డరిచ్చే ముందు అమ్మేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. ఈ బంతి ఎక్కడ కుట్టారు? కుట్టినవాళ్లకు బంతికి ఎంతిచ్చారు? వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉన్నాయి? జవాబు రాకపోతే, జవాబు రాలేదని బహుమతి ప్రదానం రోజు మైకులో చెప్పండి. మీ స్పోర్ట్స్ విభాగానికి కూడా ఇవే ప్రశ్నలు రాసివ్వండి. వాళ్లు కొనేది ప్రజల డబ్బుతో.

వచ్చే భాగంలో డప్పు మీద తోలు గురించి.

జై భీమ్.