పోర్టు ద్రాక్షాసవం: నిలవచేయుటలోని చరిత్ర

ఉదయం దించిన కల్లు సాయంత్రానికి పులిసిపోవుట మనమెరిగినదే. ద్రాక్షాసవం కూడా గాలి సోకినచో క్రమంగా పుల్లనై చెడిపోతుంది. అయితే పోర్టు అనే ద్రాక్షాసవంలో కొన్ని మేలురకాలు యాభై ఏండ్లు సీసాలో ఉన్నా చెడవు. పైగా రుచి హెచ్చుతుంది. ఇది ఎట్లు సాధ్యమైనది?

పోర్చుగల్ ఉత్తరభాగాన డౌరో నదీలోయలోని కొండవాలులపై పండే ద్రాక్షయే దీనికి మూలం. ఇంగ్లండుకు ఫ్రాన్సుతో వైరం ఏర్పడగా, ఆంగ్ల వర్తకులు పోర్చుగల్ వైపు తిరిగారు. 1703లో కుదిరిన మెథూన్ సంధి ప్రకారం పోర్చుగల్ ఆసవంపై సుంకం ఫ్రెంచి ఆసవంపై సుంకంకన్న మూడవవంతు తగ్గింది. పీపాలు రబేలో అనే బల్లపరుపు పడవలలో నదిమీదుగా తీరానికి చేరి, అక్కడినుండి ఓడలెక్కేవి. సముద్రప్రయాణంలో ఆసవం చెడకుండుటకు వర్తకులు అందులో కొంత ద్రాక్షసారాయి కలిపేవారు.

గిరాకీ పెరిగినకొద్దీ కల్తీ కూడా పెరిగింది. పలుచని ఆసవానికి ముదురురంగు తెచ్చుటకు ఎల్డరు చెట్టు పండ్ల రసం కలిపారు. పేరు చెడి ధరలు పడిపోయాయి. అప్పుడు మంత్రి పోంబల్ 1756లో ఒక వర్తకసంఘాన్ని స్థాపించి, పోర్టుకు తగిన భూములకు ఎల్లలు నిర్ణయించి, గ్రానైటు స్తంభాలు నాటించాడు. ఎల్డరు చెట్లను పెరికివేయుమని ఆజ్ఞాపించాడు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది: సారాయి కలుపుట రక్షణయా, కల్తీయా? డౌరో నదికి పటం గీసిన జోసెఫ్ జేమ్స్ ఫారెస్టరు 1844లో ఒక చిన్న పుస్తకం ప్రకటించి, అది కల్తీయే అని వాదించాడు. తోటి వర్తకులు ఆయనపై మండిపడ్డారు. 1861లో తాను పటం గీసిన నదిలోనే పడవ మునిగి ఆయన మరణించాడు. ఆయన వాదం నెగ్గలేదు. కాని ఎల్డరు రసం దోషాన్ని దాచుటకు ఉద్దేశించినది. సారాయి ఆసవం స్వభావాన్నే మార్చినది. ఈ రెండూ ఒకటి కావు.

సారాయి చేసే పని ఇది. ఈస్టు అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. చక్కెర సగం మిగిలి ఉండగానే, 77 శాతం ఆల్కహాలు గల సారాయిని కలుపుతారు. సాధారణంగా 435 లీటర్ల రసానికి 115 లీటర్లు. దానితో మొత్తంలో ఆల్కహాలు సుమారు 20 శాతానికి చేరి, ఈస్టు నశిస్తుంది. చక్కెర మిగిలిపోతుంది. ఆసవాన్ని పుల్లబరచే బాక్టీరియా కూడా అందులో పెరగజాలదు.

ఇక సీసా సంగతి. 18వ శతాబ్ది ఆరంభంలో సీసాలు ఉల్లిగడ్డవలె బొద్దుగా ఉండేవి. నిలువుగా ఉంచగా బెండుబిరడా ఎండి గాలి చొరబడేది. ఆ శతాబ్ది చివరికి కోలసీసాలు వచ్చాయి. వీటిని పండబెట్టినచో బిరడా తడిగా ఉండి గాలిని అడ్డగిస్తుంది. చీకటిగా, చల్లగా, ఉష్ణోగ్రత మారని నేలమాళిగ ఇందుకు తగినది.

ఏండ్లు గడిచేకొద్దీ వర్ణద్రవ్యాలు, టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులై మడ్డిగా దిగుతాయి. అందుచేతనే పాతసీసాను ముందురోజే నిలబెట్టి, మడ్డి అడుగుకు చేరిన తరువాత మెల్లగా వేరొక పాత్రలోనికి వంపుతారు. మెడ వెనుక కొవ్వొత్తి వెలిగించుట మడ్డి రాకను కనిపెట్టుటకే. బిరడా శిథిలమైనచో ఎర్రగా కాల్చిన పట్టకారుతో మెడను పట్టి, వెంటనే తడిగుడ్డ చుడతారు. ఆకస్మికసంకోచం వలన గాజు నున్నగా విరుగుతుంది. ఒకసారి తెరిచిన పాతపోర్టును ఒకటి రెండు రోజులలో ముగించవలెను; ఆమ్లజని దాని సువాసనను హరిస్తుంది.

వంపిన పాత్ర విషయంలోనూ జాగ్రత్త కావాలి. మెరిసే క్రిస్టల్ గాజులో సీసలోహపు ఆక్సైడు ఉంటుంది. అట్టి పాత్రలో నెలల తరబడి నిలవ ఉంచిన పోర్టులోనికి సీసం అధికంగా దిగునని 1991లో ప్రకటితమైన పరిశోధన తెలిపింది. వడ్డనకు పనికివచ్చిన పాత్ర నిలవకు పనికిరాదు. మూడు శతాబ్దుల ఈ చరిత్రలో ఆసవాన్ని కాపాడినది సారాయి ఒక్కటే కాదు. ఏ పదార్థం దేనితో ఎంతకాలం కలిసి ఉండవచ్చునో తెలిసికొనుట కూడా.